మొదటి బుర్రెడు నీళ్లు

గొర్లె పైడయ్య చేతి పనికి వంక పెట్టినవాళ్లు లేరు. నోటి పనికే పెట్టారు. గోడ కట్టాడంటే దారం పట్టి చూసినా వెంట్రుక వాసి తేడా కనిపించేది కాదు. మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పడం అతనికి చచ్చేంత కష్టం. అబద్ధాలకోరు కాదు, ఆ మాటంటే నేనే ఒప్పుకోను. ఎదుటివాళ్లు మొహం చిట్లించే మాటేదైనా ఉంటే దాన్ని మింగేసి, దాని బదులు ఇంకేదో మెత్తని మాట అందించేవాడు. ఆ గుణం పెళ్లి సంబంధాలు మాట్లాడే దగ్గర పనికొస్తుందేమో గానీ, కొండ మీద ఒక ఊరి నీళ్ల దగ్గర పనికి రాలేదు.

విజయనగరానికి అవతల ఒక మెట్ట ఊరు అతనిది. ఎకరంన్నర భూమి, నలుగురు అన్నదమ్ములు. ఆ లెక్కన ఎవరో ఒకరు తాపీ పట్టుకోక తప్పదు కాబట్టి ఇతను పట్టుకున్నాడు. అరకు పైన కొండల్లో కరెంటు ప్రాజెక్టు కోసం కాలనీ కడుతున్నారని విని, అరవై తొమ్మిదిలో లారీ మీద ఘాటీ ఎక్కాడు. మూడు నెలల పని చూసుకుని దిగిపోదామనుకున్న మనిషి, భార్య కనకను కూడా తెచ్చుకుని అక్కడే పాకేసుకున్నాడు. వచ్చిన కొత్తలో చైత్రంలో 'ఇటుకల పండగ' అని విని, కొండవాళ్లు మేస్త్రీలను ఇంతగా గౌరవిస్తారా అని మురిసిపోయాడట. అది వేట పండగ, కొత్త మామిడికాయల పండగ అనీ, దానికీ కాల్చిన ఇటుకకీ ఏ సంబంధమూ లేదనీ తెలిశాక కాలనీ కూలీలు అతన్ని రెండేళ్లు ఏడిపించారు. ఒకే మాట కొండ కింద ఒకటీ కొండ మీద ఒకటీ అవుతుందని అప్పుడే అతనికి తెలిసి ఉండాలి. నవ్వి ఊరుకున్నాడు గానీ నేర్చుకోలేదు.

ఆ రోజుల్లో సిమెంటు దొరకడం గగనం. పర్మిట్టు కావాలి, పర్మిట్టు వచ్చాక బస్తా రావాలి, బస్తా వచ్చాక కొండ మంచుకి గడ్డ కట్టకుండా ఉండాలి. కాలనీలో సూపర్వైజరుగా ఉన్న తాతారావు అనే కుర్ర ఇంజినీరు ఈ బాధ పడలేక ఒక ఆలోచన చేశాడు. కాలనీ మరుగుదొడ్ల నీళ్లన్నీ ఒక పెద్ద తొట్టిలోకి పోయేవి. అక్కడ మడ్డి అడుక్కి దిగిపోతే, పైన తేరిన నీటిని ఇంకో రెండు తొట్లు తిప్పి పూలతోటకి వదిలేవారు. మిగిలిన మడ్డిని ఇసక మళ్ల మీద పరిచి ఎండబెట్టేవారు. ఎండాక పెళ్లలు పెళ్లలుగా లేచే ఆ మడ్డిని ఏం చేయాలో ఎవరికీ తెలిసేది కాదు. తాతారావు దాన్ని ఇటుక బట్టీలో ఊకతో కలిపి రెండు రోజులు కాల్పించాడు. ఎర్రచాయ కలిసిన బూడిద మిగిలింది. దాన్ని సున్నం గానుగలో మెత్తగా నూరించి, గుడ్డతో జల్లించి, పది పాళ్ల సిమెంటులో ఒక పాలు తీసేసి ఆ చోట ఈ బూడిద వేసి కాంక్రీటు దిమ్మలు పోయించాడు.

పోసింది పైడయ్యే. దిమ్మలు కొంచెం ఆలస్యంగా గట్టిపడ్డాయి, నీళ్లు కాస్త ఎక్కువ తాగాయి, అంతకు మించి పేచీ పెట్టలేదు. నెల తర్వాత వాటిని విశాఖపట్నం పంపి యంత్రం కింద పెట్టి నొక్కిస్తే, మామూలు దిమ్మలతో సమానంగా నిలబడ్డాయి. తాతారావు ఆ కాగితం పట్టుకుని కాలనీ అంతా తిరిగాడు. పైడయ్యకి కూడా లోలోపల గర్వంగానే ఉండేది. ఇంటికి వెళ్తే మాత్రం ఆ గర్వం గుమ్మంలోనే ఆగిపోయేది.

"ఆ పీతిపని సేసొచ్చి నా వంటింట్లో కాలెట్టకు" అనేది కనక. "అక్కడే తానం సేసి, ఆ పంచె అక్కడే ఇప్పీసి రా."

"కాలిపోనాది గదే, అందులో ఇంకేటుంటాదే" అని వాదించేవాడు. వాదిస్తూనే వెళ్లి రెండుసార్లు సబ్బు రుద్దుకుని స్నానం చేసేవాడు. వేసవిలో ఆ ఇసక మళ్ల మీద మడ్డి ఎండేటప్పటి వాసన అతని ముక్కులో ఉండిపోయింది. బుర్రకి నచ్చిన సంగతి ఒంటికి నచ్చలేదు, అంతే.

కాలనీకి నాలుగు మైళ్లలో కందిపుట్టు అని ముప్పై గడపల కొండ ఊరు ఉంది. ఆ ఊరికి నీళ్లంటే దిగువన పారే గెడ్డే. ఎగువన ఇంకో మూడు ఊళ్లు అదే గెడ్డలో పశువుల్ని కడిగేవి, తామూ కడుక్కునేవి. వానలు పడ్డాయంటే గెడ్డ ఎర్రగా మారేది, వాంతులూ విరేచనాలూ పట్టుకునేవి, ఏటా ఇద్దరో ముగ్గురో పోయేవారు. ఊరికి పైన మాత్రం ఒక బండ కింద నుంచి చేతి మందాన ఊట, వేసవిలో కూడా ఆగకుండా వస్తూ ఉండేది. అది వచ్చినట్టే వచ్చి బురదలో ఇంకిపోయేది. దాని చుట్టూ కాంక్రీటు తొట్టి కట్టి, పైన మూత వేసి, గొట్టం పెడితే ఊరు బతుకుతుందని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. డెబ్భై ఎనిమిది మాఘంలో ఆ పని మంజూరైంది, ఇరవై బస్తాల సిమెంటుతో. పని చూడమని తాతారావుకీ, కట్టమని పైడయ్యకీ చెప్పారు. వానలు పడేలోగా ఆ తొట్టి నీళ్లు ఊరు తాగడం మొదలుపెట్టాలి. అనుకున్నదల్లా అంతే.

ఊరి పెద్ద సోంబరు. మాట తక్కువ మనిషి. ఆ తక్కువైన మాటలన్నీ అతని భార్య సోములమ్మ దగ్గర ఉండేవి. యాభై దాటిన మనిషి, తట్ట నెత్తిన పెట్టుకుంటే పాతికేళ్ల కూలీలు వెనకబడేవారు. రాయీ, ఇసకా గెడ్డ నుంచి పైకి మోసినదాంట్లో సగం ఆమే మోసింది. పైడయ్యను మర్యాదగా 'మేస్త్రీ బావు' అనేది. పైడయ్య ఆమెను అక్క వరసన 'అప్పా' అనేవాడు. మధ్యాహ్నం రాగి అంబలి తనకి పోసుకునే ముందు అతనికి పోసేది. దిగువ ఊళ్లో ఇంటిముందు నిలబడి మంచినీళ్లడిగితే కులం అడిగి పోసే చోట పెరిగినవాడు పైడయ్య. కొండ మీద ఒక ఆడమనిషి ఏమీ అడక్కుండా అంబలి పోస్తుంటే మొదటి రోజు సిగ్గుపడ్డాడు, రెండో రోజు తాగాడు, మూడో రోజు ఇంకో డొప్ప పోయమన్నాడు.

ఇరవై బస్తాల్లో రెండు రాయి అయిపోయి వచ్చాయి. మళ్లీ రెండు బస్తాల కోసం కాగితం పెడితే అది వచ్చేసరికి దసరా అయిపోతుంది. పైడయ్యే వెళ్లి తాతారావును బూడిద అడిగాడు.

"ఇస్తానోయ్. లెక్క సరిగ్గా సరిపోతుంది" అన్నాడు తాతారావు. "లోపలి పూత మాత్రం ఒట్టి సిమెంటుతోనే చెయ్యి. ఇంకో మాట. ఇదేమిటో, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊళ్లోవాళ్లకి ముందే చెప్పు. ఒప్పుకుంటేనే కలుపు. తాగే నీళ్లు, దాచి చేసే పని కాదు."

"సిత్తం బాబూ" అన్నాడు పైడయ్య. చెప్పాలనే అనుకున్నాడు కూడా. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు.

రెండు గోనెలు దించేసరికి సోములమ్మ ఒకదాని మూతి విప్పి, వేళ్లతో నలిపి చూసింది. "ఇదేటి బావు? పొయ్యిలో బూడిదలాగున్నాది."

బూడిదేనని చెప్తే సరిపోయేది. ఎక్కడి బూడిదని అడుగుతుందేమోనని భయం. అప్పుడే ఆమె చేతి అంబలి తాగి ఉన్నాడు. ఆ చేత్తోనే ఆమె దాన్ని నలుపుతోంది. ఏ నోటితో చెప్తాడు?

"మందు అప్పా" అన్నాడు. "కాంక్రీటు గట్టిపడ్డానికి మందు."

మేస్త్రీలకు అది మామూలు మాటే. నీరు కారకుండా గచ్చులో కలిపే పొడి ఏదైనా వాళ్లకి మందే. కానీ కందిపుట్టులో మందంటే రెండే. ఒకటి ఒంట్లో బాగులేనప్పుడు, పూజలూ వైద్యమూ చూసే గురువు ఇచ్చేది. రెండోది గిట్టనివాళ్లు అన్నంలోనో నీళ్లలోనో పెట్టేది. మనిషి మెల్లిగా ఎండిపోయి చచ్చేది ఆ రెండోదానితోనే. మందు పెట్టారన్న అనుమానం మీద ఆ కొండల్లో అన్నదమ్ములు విడిపోయారు, ఊళ్లే ఖాళీ అయిపోయాయి. సోములమ్మ వేళ్లు గోనె మూతి దగ్గర ఒక్క క్షణం ఆగాయి. మేస్త్రీ బావు మొహం చూసింది. మూతి కట్టేసి, గోనె ఎత్తి నెత్తిన పెట్టుకుంది. ఆమెకి అతని మీద అంత నమ్మకం.

చైత్రం రాకముందే తొట్టి పూర్తయింది. ఎంత ముచ్చటగా కట్టాడని! మూలలు గుండ్రంగా తిప్పాడు, మూత పలక అంగుళం కూడా కదలకుండా కూర్చోబెట్టాడు. పదిహేను రోజులు తడి ఆరనివ్వకుండా చూశాడు. తాతారావు తొట్టి నీళ్లు సీసాలో పట్టి పరీక్షకి పంపితే, నిక్షేపంలాంటి నీళ్లని జవాబు వచ్చింది. ఇటుకల పండగకి రెండు రోజుల ముందు పొద్దున ఊరంతా ఊట దగ్గర చేరింది. గురువు కోడిని కోశాడు, బండకి పసుపు రాశారు.

నీళ్ల విషయంలో ఆ ఊరికో పద్ధతి ఉంది. కొత్తగా నీటి పని ఏది చేసినా మొదటి బుర్ర నీళ్లు కట్టినవాడు తాగాలి. రెండో బుర్ర మోసిన ఆడమనిషి తాగాలి. ఆ తర్వాతే ఊరు. ఈ సంగతి పైడయ్యకి ఆ పొద్దున దాకా తెలీదు. ఎండిన ఆనపకాయ బుర్రలో నీళ్లు ముంచి, సోంబరు రెండు చేతులతో అతనికి అందించాడు. పక్కనే సోములమ్మ కొత్త చీర కట్టుకుని, తన వంతు కోసం నవ్వుతూ నిలబడి ఉంది.

పైడయ్య బుర్ర అందుకున్నాడు. పెదవుల దాకా తెచ్చాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి, బుర్ర అడుగున గీత గీతా కనిపిస్తోంది. ఆ చల్లదనంలోంచి, ఎక్కడినుంచి వచ్చిందో, ఇసక మళ్ల మీద ఎండిన మడ్డి వాసన ముక్కుకి కొట్టింది. లేదు. ఆ నీళ్లలో ఏ వాసనా లేదు. అతనికీ తెలుసు. అయినా తాగలేకపోయాడు. చెయ్యి దిగిపోయింది.

"ముందు పెద్దలు తాగాలి గదా" అన్నాడు నవ్వబోతూ. "మీరు కానీండి."

ఎవరూ నవ్వలేదు. "కట్టినోడే తాగాలి" అన్నాడు సోంబరు.

"నాకు రాత్రినుంచీ జొరం. సన్నీల్లు పడవు."

అప్పుడు సోములమ్మ ముందుకొచ్చింది. నవ్వు పోయింది గానీ గొంతులో కోపం లేదు. "బావు, ఆ గోనెల్లోది ఏ మందు?"

ఇంత మంది ముందు, పసుపు రాసిన బండ పక్కన, గురువు ఎదుట, అది పీతి బూడిదని చెప్పాలి. తాగమంటే నీళ్లు నమిలిన మనిషి ఇంకేం చెప్తాడు! "మందే అప్పా... గట్టిపడ్డానికి..." అని గొణిగాడు. సోములమ్మ నమ్మి ఊరుకున్న ఆ మాట ఈసారి ఊరందరికీ ఇంకోలా వినిపించింది. వెనక ఎవరో తల్లి పిల్లను తొట్టి దగ్గర్నుంచి లాక్కుంది. సోంబరు బుర్ర తీసుకుని నీళ్లు పారబోశాడు. ఊరంతా దిగి వెళ్లిపోయింది, సోములమ్మ అందరికంటే వెనకగా.

కాలనీకి వచ్చి తాతారావుతో చెప్తే అతను మండిపడ్డాడు. "నీకేమైనా మతి ఉందా? ఇప్పుడే వెళ్లు. సంగతి చెప్పి, వాళ్ల ఎదురుగా తాగి రా. లేకపోతే నేనొస్తా పద."

"ఒద్దు బాబూ, నానే ఎల్తాను. నా నోటితోనే సెప్పాలి" అన్నాడు పైడయ్య. మాట బాగానే అన్నాడు. రేపు వెళ్తానన్నాడు. రేపు సంత. ఆ మర్నాడు పండగ, పండగ పూట ఏం చెప్తాం అనుకున్నాడు. పండగ వెళ్లాక కాలనీలో పని పడింది. ఈ లోపల తాతారావు బదిలీ మీద దిగువకి వెళ్లిపోయాడు. అడిగేవాడు లేకపోయాడు. ఇలాంటి మనుషుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే వీళ్లు చెడ్డవాళ్లు కారు. ప్రతి రోజూ పడుకునే ముందు సిగ్గుపడతారు, పొద్దున్నే లేచి ఆ సిగ్గును ఇంకో రోజుకి వాయిదా వేస్తారు. రెండుసార్లు దారిలో సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. రెండోసారి దూరంనుంచి చూశాడు. తొట్టి నిండి, గొట్టంలోంచి నీళ్లు కారి కింద రాళ్ల మీద పడి పోతున్నాయి. ఆడవాళ్లు దాని వంక చూడకుండా కుండలు పట్టుకుని గెడ్డకి దిగుతున్నారు. ఆ వరసలో సోములమ్మ ఉంది.

మృగశిర దాటాక వానలు దంచికొట్టాయి. గెడ్డ ఎర్రబడింది. ఆషాఢం ఆఖర్న సంతలో పైడయ్య ఉప్పు కొంటుంటే, కందిపుట్టు నుంచి చింతపండు తెచ్చిన మనిషి ఒకడు కనిపించాడు. ఊళ్లో జబ్బు తిరుగుతోందని చెప్పాడు. పైడయ్య ఎవరెవరికి అని అడిగాడు. వాడు వేళ్లు మడుస్తూ పేర్లు చెప్పాడు. నాలుగో వేలు మడిచి, సోములమ్మ అన్నాడు. పోయి అప్పటికి ఆరు రోజులట.

పైడయ్య ఉప్పు అక్కడే వదిలేసి నడిచాడు. వానలో, నాలుగు మైళ్లూ, ఈసారి సగంలో ఆగలేదు.

సోంబరు తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ నలుగురైదుగురు మగవాళ్లున్నారు. పైడయ్యను చూసి ఎవరూ లేవలేదు, రమ్మనలేదు.

"ఏటి మేస్త్రీ, ఇప్పుడొచ్చినావు" అన్నాడు సోంబరు.

పైడయ్య వానలోనే నిలబడ్డాడు. "బావా, అది మందు కాదు. కాలనీ దొడ్ల మడ్డి. పీతి. ఎండబెట్టి, బట్టీలో కాల్సి, బూడిద సేసి కలిపినాం. సిమెంటు సాలక కలిపినాం. సెప్పడానికి నాకు సిగ్గేసింది. తాగడానికి నాకే ఏవగింపేసింది. మందు నేదు బావా. ఆ నీల్లు మంచి నీల్లు. ఒట్టు."

అరుగు మీద ఒకడు ఉమ్మేశాడు. సోంబరు మాత్రం ముందుకి వంగాడు.

"కాల్సినారా?"

"రెండు రోజులు."

"బూడిదైపోనాదా?"

"మెత్తటి బూడిద."

"మరి బూడిదైతే ఇంకేటి?" అన్నాడు సోంబరు. గొంతు పెంచలేదు. "కొండ కాల్సి, ఆ బూడిదలో మేము సామలు సల్లుతాం. పిడక బూడిదతో పళ్లు తోముతాం. మనిషిని కాల్సినా బూడిదే గదా. బూడిదకి మాకు బయమేటి మేస్త్రీ? నువ్వు కట్టి, నువ్వే తాగనేదు. దానికి బయపడ్డాం."

పైడయ్య ఊట ఉన్న వైపు చూశాడు.

"పోయే ముందు రోజు సోములమ్మకి గొంతెండిపోనాది" అన్నాడు సోంబరు. "గెడ్డ నీల్లు ఒద్దంది. తొట్టి నీల్లు ఒక్క గుక్క తెచ్చి పొయ్యమంది. మేస్త్రీ బావు సెడ్డోడు కాడు, ఏదో సెప్పలేకపోతన్నాడు గానీ అంది. ఊరు తాగని నీల్లు దానికి నానెలా పోత్తాను? పొయ్యనేదు." అరచేతిలోకి చూసుకున్నాడు. "నానూ పొయ్యనేదు."

పైడయ్య వానలో కూలబడి ఏడ్చాడు. అతన్ని ఓదార్చడానికి ఎవరూ రాలేదు, రావాల్సిన అవసరం కూడా లేదు. కాసేపటికి సోంబరే లేచి లోపలికి వెళ్లి ఆనపబుర్ర పట్టుకుని బయటికి వచ్చాడు. "పద" అన్నాడు.

ఊట దగ్గరికి వెళ్లారు. వెనక ఒక్కొక్కరే ఇళ్లలోంచి వచ్చి చేరారు. ఎవరూ పిలవలేదు. వానకి తొట్టి పైన నాచు పట్టింది గానీ ఎక్కడా చిన్న పగులు లేదు. సోంబరు బుర్ర ముంచి, చైత్రంలో ఇచ్చినట్టే రెండు చేతులతో ఇచ్చాడు. పైడయ్యకి మళ్లీ ఆ వాసన వచ్చింది. వస్తే రానీ అనుకున్నాడు. కళ్లు మూసుకోలేదు. చుక్క మిగలకుండా గటగటా తాగేశాడు.

సోంబరు బుర్ర వెనక్కి తీసుకుని మళ్లీ ముంచాడు. పక్కకి తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆమె రోజూ ఇసక తట్ట దించే చోటికి వెళ్లి, ఆ రెండో బుర్ర నీళ్లు నేల మీద మెల్లిగా, చివరి దాకా వంచాడు.

మూడో బుర్ర ముంచి వెనక నిలబడ్డ ఆడమనిషి చేతికి ఇచ్చాడు.